ఆరో గది

మా పానకాలు మామయ్య రివాల్వర్‌కి ఆరు గదులు.
ఐదే నింపేవాడు.
ఆరోది ఖాళీగా, గుర్రం కింద.
"తూటాల్లో కూడా తరుగు తీస్తాడమ్మా ఈ షావుకారు" అని
అత్తయ్య వక్కలు కత్తిరిస్తూ నవ్వేది.

ఆదివారం మధ్యాహ్నం, పట్నంబజారు మేడ మీద,
ముందు ఫ్యాను ఆపేవాడు.
గుంటూరులో మే నెల, ఫ్యాను ఆపడం!
మందు ఎగరకూడదు, త్రాసు ఊగకూడదు.
చెమటలో నానుతూ కూర్చునేవాళ్లం, ఆయనా నేనూ.
కంసాలి వీరభద్రాచారి అప్పు కింద జమకట్టిన చిన్న త్రాసు,
ఒక పళ్లెంలో గురివిందలు.
అవి లెక్కపెట్టడం నా ఉద్యోగం.
"తూటా బరువు గింజల్లోనే చెబుతారే పిల్లా,
యార్డులో మాత్రం గింజ రాలిన కాయకి రేటు లేదు."

ఇత్తడి గుల్లని కిటికీ వెలుగుకి ఎత్తి
కోడిగుడ్డు చూసినట్టు చూసేవాడు.
అంచున వెంట్రుకంత చీలిక కనబడితే
దాని కొలువు అయిపోయినట్టే.
అష్టాచెమ్మాలో మా కాయలన్నీ అలా రిటైరైనవే.
బాకీల చిట్టా వెనక పేజీల్లో
ఆయన చేతిరాత ఇంకా ఉంది:
మూడో నంబరు, తొమ్మిదోసారి. అలిసింది.

ఏడాదికి ఒకసారో రెండుసార్లో పేరేచర్ల,
పాడుబడిన క్వారీ.
బొటనవేలితో గుర్రాన్ని వెనక్కి లాగాలి, అదొక మాట.
చూపుడువేలు నొక్కాలి, అది ఇంకో మాట.
"రెండుసార్లు అడుగుతుంది ఇది" అనేవాడు,
"సరేనా అని ఒకసారి, నిజంగానా అని ఒకసారి."
పేలితే మణికట్టు ఆకాశంలోకి లేచేది.
నా చెవుల్లో గుడ్డ పీలికలు.
రాళ్ల మీద పావురాలు చాలాసేపటికి గాని తిరిగొచ్చేవి కావు.

ధర పడిపోయిన ఏడు
కోల్డ్ స్టోరేజీ లెక్కల దగ్గర సాంబయ్య మామ ఒక మాట అన్నాడు.
ఆ మాట నేనిక్కడ రాయను.
సొరుగు తెరుచుకుంది.
గుర్రం వెనక్కి వెళ్లిన చప్పుడు
తాళం తీసినట్టుంది, వేసినట్టూ ఉంది.
ఖాళీ గది పక్కకి జరిగింది.
నిండు గది వచ్చి నిలబడింది.

అప్పుడు గుమస్తా కోటిరత్నం తుమ్మాడు.

మిర్చి బజారులో తుమ్ముకి విలువేముంది?
ప్రతి తుమ్ముకీ ఆగితే
ఒక్క బస్తా కూడా కాటా ఎక్కదు.
కానీ అది ఒంటి తుమ్ము.
మామయ్య ఆగాడు.
సాంబయ్య కూడా అలవాటు చొప్పున
"చిరంజీవ" అన్నాడు, తడారిన గొంతుతో.

పేల్చడానికి ఎంత పడుతుంది?
దించడమే పని.
గుర్రాన్ని బొటనవేలితో ఆపి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు
దించి, మళ్లీ సగానికి ఎత్తి,
ఒక్కో నిండు గదినీ వేలితో దాటించుకుంటూ
ఖాళీ గది దాకా తిప్పుకొచ్చాడు.
ఆయన నుదుటి చెమట చిట్టాలో పడి
ఎవరి బాకీయో కొంచెం చెదిరింది.
ఆ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్నారా అంటే, లేదు.
తొమ్మిదేళ్లు లేదు.

మొన్న ఎన్నికలకి స్టేషన్‌లో డిపాజిట్ చేసి
రసీదు జేబులో ఉండగానే పోయాడు మామయ్య.
లైసెన్సు నీ పేరుకి మార్చుకుంటావా అని
హెడ్ కానిస్టేబుల్ జయకుమారి అడిగింది.
వద్దన్నాను.
నిజంగానా, అంది.
రెండోసారి కూడా వద్దనే అన్నాను, కొంచెం ఆగి.

బల్ల మీద తూటాలు నిలబెట్టి లెక్కపెట్టింది.
"ఐదే ఉన్నాయి. ఆరోది పోయిందా?"
"పోలేదండీ. ఎప్పుడూ లేదు."
రిజిస్టర్లో ఐదు అని రాసింది.
ఖాళీకి అందులో గడి లేదు.

బయట మిర్చి లారీ దాటింది, గాలంతా ఎర్రగా.
ఆటో ఎక్కి కూర్చున్నానో లేదో
తుమ్మొచ్చింది, ఒక్కటే.
గేరు మీద చెయ్యి వేసిన డ్రైవరు
వెనక్కి తిరగకుండానే
కాసేపు ఆగాడు.